వణకని వెలుతురు

దొరసామి మోటారు స్విచ్చి మీద చెయ్యి పెట్టి, ఎప్పటిలాగే రోడ్డు అవతలి ఇంటి వైపు చూశాడు. చూడకూడదనే అనుకుంటాడు. చూడకుండా ఉండలేడు.

స్విచ్చి వేశాడు. బావిలో మోటారు గుర్రుమంది. అవతలింట్లో బల్బు ఒక్కసారిగా ఎర్రబారిపోయింది. కుట్టుమిషను తొక్కుతున్న మీనాక్షమ్మ కాలు ఆపి, తలెత్తి బల్బు వైపు చూసింది. మసకచీకట్లో ఉన్న అతను ఆమెకు కనబడడు.

రోజూ ఇంతే. ఆ చూపు చూసినప్పుడల్లా, తనను తిట్టుకుంటోందని అతనికి అనిపిస్తుంది.

1986లో సోగత్తూరు కరెంటు అలా ఉండేది. లైనుకు చిట్టచివర ఉన్నవి వాళ్ల రెండు కనెక్షన్లే. అతని మోటారు తిరిగితే ఆమె బల్బుకు వోల్టేజి చాలదు. మోటారుకు సరిపడే కరెంటు వచ్చేది సాయంత్రమే. పగలంతా కూలికి పోయే మీనాక్షమ్మ జాకెట్లు కుట్టేదీ అప్పుడే.

ఇద్దరికీ మాటలు లేవు. భూమి పంచాయతీలో బావి అతనికి దక్కింది, నీళ్లు లేని మెట్టచేను ఆమెకు మిగిలింది. ఆ రోజు పెద్దమనుషుల ముందు అతను నోరు విప్పి ఉంటే ఆమెకూ నీళ్లలో భాగం వచ్చేది. నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ తరువాత భార్య పోయింది. తోటలోని షెడ్డులోనే ఒక్కడూ వండుకు తింటున్నాడు. ఆమె ఇంటి ముందు నుంచి పోవలసి వస్తే చుట్టు తిరిగి పోతాడు.

ఒకరోజు తోటలో కలుపు తీస్తూ కూలిమనిషి చిక్కమ్మ చెప్పింది. వెలుతురు తగ్గిన క్షణంలో మిషను సూది మీనాక్షమ్మ వేలిలో దిగిందట. గోరు ఊడిపోయిందట.

 మర్నాడే దొరసామి ధర్మపురి పోయి, కరెంటు పని చేసే ధర్మరాజ్‌ను కలిశాడు. దీనికి మార్గం ఉందన్నాడు ధర్మరాజ్. ఒక లారీ బ్యాటరీని పగలంతా చార్జింగులో పెడితే, సాయంత్రం లారీ బల్బు ఒకటి దాని మీదే వెలుగుతుంది. లైనులో వోల్టేజి ఎంత పడిపోయినా ఆ వెలుతురు వణకదు.

“నా పేరు మటుకు చెప్పొద్దు” అన్నాడు దొరసామి. “నువ్వే ఊరికే పెట్టి చూస్తాండేట్టు చెప్పు.”

బ్యాటరీ బిగించిన సాయంత్రం అతను స్విచ్చి వేసి చూశాడు. బల్బు చెక్కుచెదరలేదు. గుండెల మీది బరువు కొంచెం దిగినట్టయింది.

కానీ మీనాక్షమ్మ కుట్టడం ఆపేసింది. బల్బునే చూస్తూ కూర్చుంది. తరువాత లేచి గుమ్మంలోకి వచ్చి, చీకట్లోకి చూస్తూ చాలాసేపు నిలబడింది. మరుసటి రోజూ అంతే. మిషను చప్పుడే లేదు.

ఆ మర్నాడు ధర్మరాజ్ వచ్చి, బ్యాటరీ తీసెయ్యమంటోందని చెప్పాడు.

ఎవరు పెట్టించారో ఆమెకు తెలిసిపోయిందనుకున్నాడు దొరసామి. తన చేతి వెలుతురు కూడా ఆమెకు అక్కర్లేదన్నమాట. ముఖం మీద తిడితే తిట్టనీ, ఈసారైనా తప్పయిందని చెప్పుకోవాలని ధర్మరాజ్ వెంట బయలుదేరాడు. తీరా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గోడ పక్కనే ఆగిపోయాడు.

లోపల ధర్మరాజ్ అడుగుతున్నాడు. “ఏమక్కా, వెలుతురు చాల్లేదా?”

“బాగానే ఉండాది. ముసలి కళ్లకు కూడా సూదిలో దారం ఎక్కుతాది.”

“మరెందుకు తీసెయ్యమంటాండావు?”



“బల్బు ఎర్రబడితేనే గదప్పా, ఆ తోటలో ఒంటిగా పడుండే నా తమ్ముడు ఈ పొద్దు కూడా లేచి తిరగతాండాడని నాకు తెలిసేది.”