కేకులోకని

వైన్‌షాపు షట్టర్ మీద సామేలు మళ్లీ కొట్టాడు. లోపలి నుంచి ఎల్లన్న కసిరాడు.

"బంద్ అని తెల్వదా? ఎవడ్రా అది?"

"నేనే అన్నా, సామేలును. ఒక్క పోర్ట్ వైన్ సీస ఇయ్యి. మా పుష్ప కేకులోకి."

షట్టర్ జానెడు లేచింది.

"మొన్న గిదే మాట, నిన్న గిదే మాట. ఎంత పెద్ద కేకురా నీది? కోరుట్ల మొత్తానికి పంచుతవా?"

సామేలు నేల చూశాడు. "కిస్‌మిస్‌లు పీల్చుకుంటున్నయే."

"అవునవును. ఎవరు పీల్చుకుంటున్నరో నీ మొఖం చూస్తే తెలుస్తలేదా?" ఎల్లన్న నవ్వబోయి ఆగాడు. సీసా బయటికి తోశాడు. "పట్టు. కొడుకు పోయినోనివి, నిన్నేమంట? జల్ది పో. పోరగాండ్లు చూస్తే నా షాపు అంటువెడ్తరు."

క్రిస్మస్ ముందు రోజు అది. తెలంగాణ ఇస్తామన్న ఢిల్లీ రెండు వారాలకే మాట మింగింది. రోడ్ల మీద టైర్లు కాలుతున్నాయి. ఇస్తామన్న ఆ మాటైనా రాకముందే, ఇక రాష్ట్రం రాదనుకుని సామేలు ఒక్కగానొక్క కొడుకు శ్రావణ్ ప్రాణం తీసుకున్నాడు. అమరుడని ఫ్లెక్సీ కట్టారు. గాలికి అది చిరిగింది. కట్టినవాళ్లు మళ్లీ ఆ గడప తొక్కలేదు.

సామేలు సీసాను చొక్కాలో దోపుకుని చర్చి కాంపౌండ్ వైపు నడిచాడు. పుష్ప అక్కడి ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. వాళ్లుండే గది ఆమె నౌకరీకి ఇచ్చిందే. హమాలీ పనిలో నడుము పడిపోయాక సామేలుకు ఆ గది తప్ప దిక్కు లేదు.

ఏటా నవంబరులోనే పుష్ప కిస్‌మిస్, ఖర్జూరం ముక్కలు జాడీలో వేసి, మునిగేదాకా తియ్యటి పోర్ట్ వైన్ పోసేది. పండుగ ముందు రోజు పెద్ద గిన్నెలో ఇసుక కాచి కేకు కాల్చేది. ఆ వాసనకు పిల్లలంతా వంటింటి ముందు మూగేవాళ్లు. ఈసారీ నానబెట్టింది. శ్రావణ్ పోయాడు. ఇప్పుడు ఆ జాడీలో చుక్క లేదు. ద్రాక్షలు ఎండి అడుగున అంటుకుపోయాయి.

గేటు దగ్గరే పాస్టరయ్య ఎదురయ్యారు.

"చొక్కాల ఏంది సామేలు?"

"కేకులోకి, అయ్యగారూ."

"ఇంకెన్ని దినాలు చెప్తవ్ గీ కేకు ముచ్చట? ఆదివారం మీ గది ముంగట పోతుంటే గుప్పుమన్నది. ఆడపిల్లలుండే జాగ ఇది. ఇంకొక్కసారి వాసనొస్తే తాగినోళ్లను సామాన్లతోని బయట పారేస్తమని కమిటీ అన్నది. కొడుకు పోయిన దుఃఖమని ఇన్ని దినాలు ఊకున్న."

సామేలు సీసా మీదికి చొక్కా సర్దుకున్నాడు.

"మరి పుష్ప, అయ్యగారూ?"

"ఆమెకేంది? ఆమె నౌకరి ఆమెకుంటది, గది ఆమెకుంటది. ఆమె వండి పెడ్తే తింటున్నవ్, గా సోయన్న లేదా నీకు?"

"లేదయ్యగారూ," అన్నాడు సామేలు.

గదిలోకి వెళ్లి గడియ పెట్టాడు. సీసా మూత తిప్పాడు.

సాయంత్రం ఆరాధనకు గంట మోగింది. పొయ్యి వెలగలేదు. కేకు వాసన రాలేదు. ఇంకో వాసన మాత్రం కిటికీ సందుల్లోంచి వరండా దాకా పాకింది. పిల్లలెవరో ముక్కు మూసుకుని నవ్వారు. కాసేపటికి చెప్పుల చప్పుడు. పాస్టరయ్య, వెనక కమిటీ పెద్దలు.

"సామేలూ! తలుపు తియ్యి!"

పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టని సామేలు, నేల మీద సోయి లేకుండా పడి ఉన్న పుష్ప మూతి తుడిచి, మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పి, సీసా అడుగున మిగిలింది తన చొక్కా మీద ఒంపుకుని, తూలుకుంటూ వెళ్లి తలుపు తీశాడు.