మూరెడు పైపు

"అక్కడ కాదన్నా, ఇంకా లోపలికి కొయ్యి."

ప్లంబరు రంపం ఆపి వెనక్కి తిరిగాడు. చిన్నోణ్ణి చంకనేసుకుని ఆమె అతని భుజం మీదుగా తొంగి చూస్తోంది.

"మూత బిగిస్తే పోయేదానికి గోడంతా తవ్వడం ఎందుకమ్మా? ఎప్పుడో ఇక్కడ సింకు ఉండేది, తీసేశారు. పైపు మిగిలిపోయింది. దాని మానాన అది పడి ఉంటుంది."

"పడి ఉంటే బాధ లేదు. అందులో నీళ్ళు మురిగి వంటింటి కుళాయిలోకి వస్తున్నాయిగా?"

"మూరెడు పైపమ్మా. ఎన్ని నీళ్ళుంటాయి, గుక్కెడు."

"పిల్లల కడుపు ఎంతుంటుందన్నా? గుక్కెడే."

ప్లంబరు ఉలి అందుకున్నాడు.

చిన్నోడికి నాలుగు నెలలుగా వాంతులు, విరేచనాలు, మందులు, మళ్ళీ వాంతులు. పాలు పడలేదన్నారు, పళ్ళొస్తున్నాయన్నారు. తల్లికి శుభ్రత లేదని కూడా అన్నారు. మొన్న గిన్నెల బీరువా జరిపితే, దాని వెనక గోడలో పాచిపట్టిన పైపు మొన కనిపించింది. అప్పటినుంచీ ఆమె కాలు ఒకచోట నిలవలేదు.

గుమ్మంలో భర్త అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఫోను మోగితే, "ఆఁ, ఇంకో పది నిమిషాలు" అని పెట్టేశాడు.

"ఇవాళే పడాలా ఈ పని?"

"ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ కాదు."

"ఇంటాయనకు చెబితే ఆయనే చూసుకుంటాడు కదే?"

"చెప్పా. గోడ పూడ్పించి ఇస్తే మీ ఇష్టమన్నాడు. ఈ నీళ్ళు తాగేది ఆయన పిల్లలు కాదుగా."

"నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు!"

"అలమరలన్నీ ముందే ఖాళీ చేసి మంచి పని చేశారమ్మా" అని మధ్యలో అందుకున్నాడు ప్లంబరు. "లేకపోతే గిన్నెలన్నీ దుమ్ముకొట్టుకుపోయేవి."

ఆమె చిన్నోణ్ణి ఆ చంకనుంచి ఈ చంకకు మార్చుకుంది.

రెండు పైపులు కలిసేచోట రంపం పడింది. జిగట పట్టిన నల్లనీళ్ళు బొళుక్కున కారాయి. వాసనకు ప్లంబరే ముక్కు మూసుకున్నాడు. భర్త నడక ఆగిపోయింది.

"వీడు తాగింది... ఇదా?"

ఆమె పెదవి కొరుక్కుంది తప్ప ఏడవలేదు.

ప్లంబరు కోసినచోట మూత గట్టిగా బిగించి, కుళాయి బార్లా తిప్పాడు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఫోను మళ్ళీ మోగింది.

"ఆగండయ్యా, ఇక్కడ పని కావాలి!" ఈసారి భర్తే కసిరాడు.

గోడ పూడ్చడం అయ్యాక ఆమె గ్లాసుతో నీళ్ళు పట్టి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. వాసన చూసింది. గటగటా తాగేసింది.

"ఇంక భయం లేదు. పసిబిడ్డకు పట్టొచ్చు."

ఇల్లు ఖాళీ చేసి సామాను లారీ ఎక్కబోయే ముందు, ఆమె తాళంచెవి తీసుకెళ్ళి, ఆ ఇంట్లోకి కొత్తగా అద్దెకు దిగుతున్న బాలింత చేతిలో పెట్టింది.