అడుగున పెట్టిన బట్టలు

నొప్పులు రాకముందే ఈ సంచి నా ప్రాణం తీసేలా ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన ఆ ఒక్క సంచినీ మా ఆయన సర్దడం పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

ఆయన పని లారీల్లో సరుకు ఎక్కించడం. ముందు దిగేది ఆఖర్న ఎక్కాలని కొత్తగా చేరినవాళ్లకు నేర్పేది ఆయనే. అలాంటి మనిషి ఫైలు, ఫ్లాస్కు, నా నైటీలు పైన పెట్టి, పుట్టబోయే బిడ్డ బట్టలు అన్నిటికన్నా అడుగున పెట్టాడు.

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట! పుట్టగానే కావాల్సినవి అడుగున పెడతారా ఎవరైనా?" అంటూ వాటిని తీసి పైన పెట్టాను.

నేను స్నానం చేసి వచ్చేసరికి అవి మళ్లీ అడుగుకు చేరాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. "నర్సు అడిగితే సంచంతా కుమ్మరిస్తావా?"

"కుమ్మరిస్తా. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు కుమ్మరిస్తా," అంటూ జిప్పు లాగాడు. అది సగంలో ఇరుక్కుంది. దానివైపే చూస్తూ అన్నాడు:

"పోయినసారి పైనే పెట్టాను. మనిద్దరమే ఇంటికి తిరిగొచ్చాక, నువ్వు జిప్పు తీయగానే ముందు అవే కనపడ్డాయి."

కడుపులో బిడ్డ గట్టిగా ఒక తన్ను తన్నింది.

సంచి అడుగుదాకా చెయ్యి పెట్టి, అరచేతంత చొక్కా ఒకటి తీసి ఆయన జేబులో కుక్కాను.

"ఇది నీ దగ్గరే ఉంచు. నర్సు ముందు దీన్నే అడుగుతుంది."