చుక్క కారని పైపు

కూతురు రెబెకా ఏడో పుట్టినరోజుకు జయచంద్ర మిద్దెమీద బార్బెక్యూ పొయ్యి పెట్టాడు.

రాప్తాడులో అలాంటి పొయ్యి ఇంకెవరింట్లోనూ లేదు. ఆ సంగతి వచ్చిన చుట్టాలందరికీ అతనే చెప్పాడు.

బొగ్గులది కాదు, గ్యాసుది. వంటింటి సిలిండరు, దాని రెగ్యులేటరు పైకి మోసుకొచ్చాడు. ఇల్లలకగానే పండగ కాదుగా, పొయ్యితో వచ్చిన పైపు సిలిండరు దాకా అందలేదు.

అతనికి పైపు కరువా? హైవే మీద డ్రిప్పు పైపుల అంగడి అతనిది. ఆ పైపుచుట్టల మధ్య ఉయ్యాల కట్టే రెబెకాను పెంచారు. అంగట్లోంచి నల్లపైపు రెండు బారలు కోసుకొచ్చి, క్లిప్పులు బిగించేశాడు.

అప్పుడే వీధిలో సబ్బు బుడగలు అమ్మే ముసలాయన పోతుంటే, జయచంద్ర భార్య కృపాకుమారి పిల్లల కోసం పైకి పిలిచింది.

ముసలాయన ఎడమచేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. రెబెకాను చూసి ఆగాడు.

"ఉయ్యాల్లో ఉండిన పాప ఈమేనా? పెద్దదైపాయె."

అంగడికి వచ్చిపోయే రైతు ఎవరో అనుకున్నాడు జయచంద్ర.

కాసేపు బుడగలు ఊది, ముసలాయన పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"గ్యాసు సరే. రెగ్యులేటరూ సరే. ఈ పైపు మాత్రం వద్దప్పా."

"నా పైపుకేమొచ్చె?"

"ఇది నీళ్ళకు చేసింది."

"మండలమంతా నా పైపులే తాతా. చుక్క కారదు."

"నీళ్ళు కారితే కనపడతాయి. ఇది కనపడదు."

ఎవరో కిసుక్కుమన్నారు. జయచంద్రకు తల కొట్టేసినట్టయింది.

"నీ సబ్బునీళ్ళే పోసి చూడు."

ముసలాయన రెగ్యులేటరు తిప్పి గ్యాసు వదిలి, అతుకు మీద సబ్బునీళ్ళు పోశాడు. ఒక్క బుడగ లేవలేదు.

"చూసినావా?"

"ఇప్పుడు రాదప్పా. పొయ్యి కాగి, పైపు మెత్తబడినాక వస్తాది. అప్పుడు చూసేకి మనముండం."

"పాప పుట్టినరోజునాడు ఆ మాటలేంది? దిగు కిందికి."

ముసలాయన దిగలేదు. రెగ్యులేటరు ఆపేసి, సంచిలోంచి కత్తెర తీసి, పైపును రెండు ముక్కలు చేశాడు.

జయచంద్ర అతన్ని మెడపట్టి మెట్లదాకా నెట్టాడు. సీసాలు దొర్లి మెట్లనిండా సబ్బునీళ్ళు. ముసలాయన దొరికినన్ని సీసాలు ఏరుకుని వెళ్ళిపోయాడు.

మసాలా పట్టించిన చికెను అలాగే ఉంది. పిల్లలు ఆకలంటున్నారు.

"గ్యాసు పైపే తీసుకురా. అది కాకుంటే పొయ్యి ముట్టిచ్చేదే లేదు," అంది కృపాకుమారి.

తిట్టుకుంటూ బండి తీశాడు. పొయ్యిలు బాగుచేసే ఓబుళేసు నారింజరంగు రబ్బరు పైపు కొలిచి కోస్తూ, జరిగిందంతా విన్నాడు.

"చేతికి తువ్వాలు చుట్టుకోని ఉండెనా అన్నా?"

"ఊ."

"చెన్నప్ప. కళ్యాణదుర్గం దిక్కు రైతు. ఆరేండ్ల కిందట డ్రిప్పు పైపు గ్యాసు పొయ్యికి తగిలించినాడు. అది మెత్తబడి ఊడొచ్చె. పెండ్లాం అంజనమ్మ పాయె, ఈయప్పకు చెయ్యి కాలె."

"రైతు గదా, తెలీక తగిలించింటాడు."

"అడిగే కొన్నాడన్నా. గ్యాసుకు పనికొస్తాదా అంటే, చుక్క కారదు తీసుకుపో అన్నాడంట అంగడాయప్ప."

జయచంద్ర చెయ్యి బండి తాళం మీదే ఆగిపోయింది. ఆ మాట తను ఎంతమందికి చెప్పాడో లెక్కే లేదు.

"యా అంగడంట?" అని అడిగాడు.

"ఎవరికి తెలుసు? పోలీసులు గుచ్చి గుచ్చి అడిగినా పేరు చెప్పలేదు. 'ఆ అంగట్లో ఉయ్యాల కట్టుండాది సార్, వాళ్ళ జోలికి పోవద్దండి' అన్నాడంట."