కుల ధ్రువపత్రం

యోగిత శ్రీకాకుళం వైపు తాత ఊరికెళ్లి, టాటానగర్‌ గోల్‌మురిలోని ఇంటికి తిరిగొచ్చింది. సూర్యం ముందుగా కూతురి సంచీ అందుకుని వెతికాడు. కుల ధ్రువపత్రం లేకపోతే ఆమెకు రిజర్వేషన్‌లో నర్సింగ్ సీటు రాదు.

"సర్టిఫికెట్ ఏదే?"

"నహీ మిలా, నాన్నా. 'మీ నాన్న టాటాలో పుట్టాడు, అక్కడే తీసుకో' అన్నారు ఆఫీసులో."

"ఇక్కడోళ్లేమో మీ తాతది ఆంధ్రా, అక్కడికే ఎల్లమన్నారు గదా."

"అదే చెప్పాను. రికార్డుల్లో మన పేరే లేదన్నారు."

సూర్యానికి ఆశ్చర్యం కలగలేదు. తండ్రి ఆ ఊరు వదిలి అరవై ఏళ్లు దాటింది.

"అవున్లే. మనం ఎవులిమో అక్కడ ఎవులికి తెలుత్తాది?"

"టీ కొట్టు ముసలాయనకి తెలుసు. నాకూ అందరికీలాగే గాజు గ్లాసులో టీ పోశాడు. ఎవరి మనవరాలివని అడిగితే తాత పేరు చెప్పాను. గ్లాసు వెనక్కి తీసుకుని, కాగితం గ్లాసులో పోసిచ్చాడు."

సూర్యం సంచీ జిప్పు మెల్లగా మూశాడు.

"ఆ కాగితం గలాసు ఏటి సేసినావు?"

"పారేశాను. ఇంకేం చేస్తాను?"

"తేవలసింది," అన్నాడు సూర్యం. "దరఖాస్తుకి జత సేసీవోళ్లం."