పోని మచ్చ

"మా ఇంటి సంగతి నీకు ఇదే చెప్పింది కదూ!" భార్య దుర్గాదేవిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, భీమశంకరం శ్రావ్య ముందున్న రంగు డబ్బాను కాలితో తన్నాడు.

కైకలూరు చేపల బజారుకు కళ తెద్దామని, అక్కడి ఆడవాళ్ల ముఖాలనే గోడ మీద వేస్తోంది శ్రావ్య. దుర్గాదేవి బొమ్మలో కంటి కింద నీలిమచ్చ ఉంది.

"ఎవరూ చెప్పలేదండీ." శ్రావ్య తడిగుడ్డ అందుకుంది. "నెలరోజులుగా చూస్తున్నాను, ఒక్కరోజూ పోలేదు. పుట్టుమచ్చ అనుకున్నానండీ. తుడిచేస్తాను."

ఐసు కొట్టే చప్పుళ్లు ఆగిపోయాయి. భీమశంకరం దుర్గాదేవి మూతి మీద గుద్దాడు.

ఆమె జుట్టు విడిపించుకుని, పెదవి మీది నెత్తురు కొంగుతో ఒత్తుకుంది.

"తుడవకమ్మా. అడిగినవాళ్లందరికీ జారిపడ్డాననే చెప్పాను. ఇక ఆ గోడనే చెప్పనీ."