లాటర్ ఎవరు?

బోరు లారీ రెండు చేల మధ్య గట్టు దగ్గర ఆగిపోయింది. ఎవరి చేలో వేయాలో డ్రైవరుకు తెలియదు. చేతిలో ఆఫీసువాళ్లిచ్చిన ఇంగ్లీషు కాగితం ఒక్కటే ఉంది. ఆ ఊళ్లో ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా నలుగురి ముందూ వెంకటరామారావే చదవాలి. ఆయన చదివిందే చదువు.

“వెంకటరామారావు, పగిడయ్య. ఈ ఇద్దరిలో లాటర్ చేలో బోరు,” అని చదివి ఆగిపోయాడు. అంటే వెనక పేరున్న పగిడయ్యదే బోరన్నమాట! మరి తన మిరపతోట ఎండిపోవాల్సిందేనా? గొంతు సవరించుకున్నాడు.

“లాటర్ అంటే ముందున్న పేరు. అంటే నేనే. లారీ ఇటు తిప్పవయ్యా!”

పగిడయ్య తల గోక్కున్నాడు. “మా శ్రావణి గదేదో తర్వాత అంటది గద, రావుగారూ?”

“అది లేటర్. ఇది లాటర్. తొమ్మిదో తరగతి పిల్లకేం తెలుసు?”

“అవ్, మీకు తెల్వనిదేముంది!” పగిడయ్య జేబులోంచి మడతపెట్టిన కాగితం బయటికి తీశాడు. “గిండ్ల గూడ ముందు మీ పేరు, ఎనక నా పేరేనట. టేకు దుంగల కేసుల లాటర్‌ను ఫారెస్టు రేంజి ఆఫీసుకు పట్టుకరమ్మన్నరట. నన్నే అనుకొని పొద్దటి సంది బువ్వ తినలే. మీరేనా! బతికిపోయిన.”

వెంకటరామారావు ఓసారి ఇంటివైపు చూశాడు. తన కొట్టంలో గడ్డి కింద దాచిన దుంగలు కళ్లముందు కదిలాయి.

“ఆగాగు! లాటర్ అంటే వెనకున్న పేరే! ఇందాక కళ్లజోడు సరిగా ఆనలేదు. నువ్వే, పగిడయ్యా, ముమ్మాటికీ నువ్వే!”

“అందరు ఇన్నరు గద?” పగిడయ్య పెళ్లాం జంపక్క కొంగు బిగించింది. “లారీ మా చేన్లకు తిప్పుండ్రి, జల్దీ!”

లారీ గట్టు దాటింది. కాసేపటికి పగిడయ్య చేలో మిషను మోత మొదలైంది. పోతే పోయింది బోరు, కేసు తప్పింది చాలనుకున్నాడు వెంకటరామారావు. కడుపుమంట మాత్రం చల్లారలేదు.

“ఆ నోటీసు ఇలా తే. నిన్ను ఎప్పుడు రమ్మన్నారో చదివిపెడతా,” అన్నాడు వెటకారంగా.

పగిడయ్య వినయంగా రెండు చేతులతో అందించాడు.

అది శ్రావణి నోటుపుస్తకంలోంచి చింపిన పేజీ. “ఫార్మర్: ముందు చెప్పినవాడు. లాటర్: వెనక చెప్పినవాడు,” అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.